దానమునకు తగిన సైకిలు

జగ్గయ్యపేటలో గాని నందిగామలో గాని ఏ వీధిలోనైనను పది యిండ్లు చూచినచో, ఏదో ఒక ఇంటి పెరటి పంచలో గోడకు చేరవేసిన సైకిలు ఒకటి కానవచ్చును. దాని సీటు మీద ఖాళీ గోనెలు, క్యారియరు మీద విరిగిన కుర్చీ. టైర్లలో గాలి పోయి ఏండ్లు గడచినవి. ఇంటివారు మోటారు సైకిలు కొన్ననాడు దానిని అక్కడ నిలిపిరి. నాటినుండి అది కదలలేదు. అమ్మబోయినచో పాత ఇనుము వెల తప్ప రాదు. పారవేయుటకు చేతులు రావు. ఒకనాడు ఆ ఇంటి పెద్ద దానిపైననే పొలమునకు పోయెను, దానిపైననే బిడ్డలను బడికి దించెను. అందుచేత అది అక్కరకు రానిదయ్యును అపురూపమైనదిగానే మిగిలియున్నది.

సైకిలు ఇట్లు మూలపడుట ఈ మెట్టసీమలో నిన్నమొన్నటి మాటయే. కాలువ నీరు రాక పూర్వము, ఊరూర బస్సు తిరుగక పూర్వము, దూరదూరముగ నున్న గ్రామముల మధ్య మనుష్యుని త్వరగా చేర్చిన వాహనము అదియే. ఉత్తరములు తెచ్చు పోస్టుమాను, పొరుగూరి బడికి పోవు ఉపాధ్యాయుడు, తెల్లవారకమునుపే పాలు పోయువాడు — వీరందరి బ్రతుకులు దాని చక్రములమీద నడచినవి. చేతి గడియారముతోపాటు సైకిలును అల్లునికి లాంఛనముగ ఇచ్చిన రోజులు పెద్దలకు ఇంకను జ్ఞాపకమే. చిన్న పట్టణములలో గంటకింత యని సైకిళ్ళను అద్దెకిచ్చు దుకాణము లుండెడివి. 1949లో మద్రాసు చెంత అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్, 1951లో సోనీపట్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో కర్మాగారములు వెలసిన పిదప సైకిలు సామాన్యుని చేతికి వచ్చెను. తరువాత మోటారు వాహనము వచ్చినది. సైకిలు పంచలోనికి పోయినది. అట్లాసు వారి సాహిబాబాదు కర్మాగారము 2020 జూన్ 3వ తేదీన, సరిగా ప్రపంచ సైకిలు దినమున, పని నిలిపివేయుట కాలగతికి ఒక గుర్తు.

ఆ పంచకు కొన్ని మైళ్ళ దూరముననే మరియొక స్థితి కలదు. కృష్ణ ఎడమ గట్టున ముక్త్యాల, వేదాద్రి, రావిరాల మున్నగు గ్రామములు, వాటి చుట్టు చిన్న పల్లెలు ఉన్నవి. ఇట్టి పల్లెలలో చిన్న తరగతులు ఊరిలోనే గడచిపోవును. పై తరగతులకు వచ్చుసరికి బడి పొరుగూరికి జరుగును. పదవ తరగతి దాటినచో కళాశాల పట్టణమునకు జరుగును. నడచిపోదమన్న దూరము, బస్సునకు పోదమన్న అది తన వేళకు వచ్చునే గాని బడి వేళకు రాదు, షేరు ఆటోకు పోదమన్న రోజును డబ్బు కావలెను. మగపిల్లవాడు ఎవరి బండి వెనుకనో ఎక్కి పోవును. ఆడపిల్లకు ఆ స్వేచ్ఛ లేదు. ఇంటివారు రెండు నెలలు చూతురు, మూడు నెలలు చూతురు. మిరపకోతల కాలము వచ్చును. ఆ పిల్ల కోతలకు పోవును. పుస్తకముల సంచి చిలుకకొయ్యకు వ్రేలాడును. బడి మానిపించితిమని ఎవరును నోరు తెరచి అనరు. బడి దానంతట అదే మానిపోవును.

విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1వ తేదీన అమలులోనికి వచ్చి, ఆరు మొదలు పదునాలుగు ఏండ్ల వరకు ఉచిత నిర్బంధ విద్యను బిడ్డల హక్కుగా చేసినది. ఆ హక్కు పదునాలుగు ఏండ్లతో ముగియును. సరిగా అచ్చటనే దూరము పెరుగును. చట్టము చేయి విడుచుచోటనే దారి పొడుగగుచున్నదన్న మాట. ఈ రెంటి నడుమ చిక్కుకొన్న బాలికకు రెండు చక్రముల వాహనము ఎంతటి అండయో ఊహించి చెప్పనక్కరలేదు, లెక్కలే చెప్పుచున్నవి.

బీహారు ప్రభుత్వము 2006లో తొమ్మిదవ తరగతిలో చేరిన బాలికలకు సైకిలు కొనుటకు డబ్బు ఇచ్చు పథకమును ప్రారంభించినది. దాని ఫలితములను కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు పరిశోధించి 2017లో ప్రకటించిరి. ఉన్నత పాఠశాలలో బాలికల చేరిక 32 శాతము పెరిగినదనియు, బాలబాలికల చేరికల మధ్యనున్న అంతరము 40 శాతము తగ్గినదనియు తేలినది. బడి మూడు కిలోమీటర్లకు మించి దూరముగ నున్న గ్రామములలో ఈ మార్పు విశేషముగ కనబడినది. ఆఫ్రికాలోని జాంబియా పల్లెలలో తరువాత జరిగిన ఇట్టి పరిశోధనలోను, సైకిలు పొందిన బాలికలు బడికి పోవు కాలము 35 శాతము, బడి మానిన దినములు 27 శాతము తగ్గినట్లు కనుగొనిరి. ఎండ, వాన, మట్టిదారి, కన్నవారి భయము — ఇవి బీహారునకును జాంబియాకును కృష్ణ యొడ్డునకును సమానమే. ముక్త్యాలనుండి జగ్గయ్యపేట వరకు రోజును సైకిలు తొక్కుమని పసిదానిని శాసించుట న్యాయము కాదు. కాని పల్లెనుండి ఉన్నత పాఠశాల గల ఊరికి, ఊరినుండి బస్సు నిలుచు కూడలికి — ఈ రెండు మూడు మైళ్ళ దారిలోనే చదువులు తెగిపోవుచున్నవి. సైకిలు ఏలదగిన రాజ్యము సరిగా అదియే.

ఒక వైపున పంచలలో పడియున్న సైకిళ్ళు. ఒక వైపున సైకిలు లేక ఆగిపోయిన చదువులు. ఈ రెంటిని కలుపుటకంటె సులభమైన ధర్మకార్యము వేరొకటి లేదని ఎవరికైనను తోచును. పాత సైకిళ్ళను దానము చేయుడని ఒక ప్రకటన, అవి చేర్చుటకు ఒక స్థలము, పంచుటకు ఒక సభ ఉన్నచో పని ముగిసినట్లే యని తోచును. చిక్కు అక్కడనే ఉన్నది. పాత సైకిలును ఇచ్చుట సులభము. దానిని దానముగా చేయుట సులభము కాదు.

దానములోని ఈ చిక్కును మన పూర్వులు ఎన్నడో గుర్తించిరి. కఠోపనిషత్తులో వాజశ్రవసుడు యజ్ఞము చేసి గోవులను దానమిచ్చుచుండగా, అవి పాలు ఉడిగి, మేత మేయ శక్తిలేని ముసలి ఆవులని కుమారుడైన నచికేతుడు గమనించెను. ఇట్టివానిని ఇచ్చిన తండ్రికి ఏ లోకము లభించునని ఆ బాలుడు కలతపడెను. దానము జరుగుచునే యున్నది. లెక్క సరిపోవుచునే యున్నది. కాని తనకు బరువైనదానిని ఎదుటివాని నెత్తికెత్తుట దానము కాదని పెద్దలకు తోచని సంగతి పసివానికి తోచెను. పాఠశాలలలో ఈ కథను చెప్పు ఉపాధ్యాయులు నచికేతుని పితృభక్తిని, యముని యెదుట అతని ధైర్యమును ప్రశంసింతురు. అతడు మొదట అడిగినది దానపు వస్తువును గూర్చిన ప్రశ్న యని కూడ విద్యార్థులకు చెప్పవలసి యున్నది.

దానమిచ్చిన ఆవునకు పండ్లు లెక్కపెట్టినట్లు అని తెలుగున ఒక సామెత కలదు. ఉచితముగ వచ్చినదానికి వంకలు పెట్టరాదని దాని భావము. పుచ్చుకొనువానికి ఆ నీతి సరియే. కాని పండ్లు లెక్కపెట్టవలసిన బాధ్యత ఇచ్చువానికి ఉన్నది. పుచ్చుకొనువాడు నోరు మెదపలేడు గనుకనే ఇచ్చువాడు ముందుగ చూచుకొనవలెను. దానము పుచ్చుకొనువానికి పాత్రత ఉండవలెనని శాస్త్రములు ఘోషించినవి. దానమిచ్చు వస్తువునకు పాత్రత ఉన్నదా యని అడుగుట అంతకంటె ముఖ్యము.

పంచలో ఐదారేండ్లు నిలిచిన సైకిలును ఒక్కసారి పరీక్షించి చూచిన ఈ సంగతి బోధపడును. టైరు అరగలేదు, గాళ్ళు బాగుగనే ఉన్నవి. కాని ఎండకు రబ్బరు బీటలు వారినది, గాలి కొట్టిన దినముననే పగులును. ట్యూబు మడతలవద్ద అతుకుకొని పోయినది. చైను త్రుప్పుపట్టి బిగిసినది. నూనె వేసినను ఫ్రీవీలు పట్టీపట్టకుండ జారుచుండును. బ్రేకు రబ్బర్లు రాయివలె గట్టిపడినవి. అవి రిమ్మును పట్టవు. పుల్లలు వదులై చక్రము వంకరలు తిరుగును. ఇరుసులలో గ్రీజు ఎండి బాల్సు అరిగినవి. చూచుటకు సైకిలే, తొక్కుటకు సైకిలు కాదు. ఇట్టిదానిని ఒక కూలివాని కుమార్తెకు ఇచ్చినచో, ఆ తండ్రి మొదట చేయవలసినది దానిని దుకాణమునకు మోసికొనిపోయి, తన రెండు మూడు దినముల కూలిని దానిపై పెట్టుట. పెట్టలేనివాడు దానిని తన పంచలో నిలుపును. సైకిలు ఒక పంచనుండి మరియొక పంచకు మారినది. ఇచ్చినవానికి పుణ్యము చేసితినన్న తృప్తి మిగిలినది. చదువు మాత్రము ఉన్నచోటనే ఉన్నది.

ఈ పాఠము తెలుగువారికి క్రొత్తది కాదు. 1951 ఏప్రిల్ 18వ తేదీన తెలంగాణమున పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డిగారు నూరెకరములు ఇచ్చుటతో భూదానోద్యమము పుట్టినది. ఆ త్యాగము మహత్తరమైనది. కాని ఉద్యమము దేశమంతట ప్రాకిన పిదప వచ్చిన భూములలో సాగునకు రాని రాతి నేలలు, తగవులలో నున్న నేలలు ఎన్నో చేరినవి. మంచి భూమి దొరకినవానికిని ఎద్దులు లేవు, విత్తనములు లేవు, బావి లేదు. వినోబాజీ ఈ లోటును ఎరిగి, భూదానముతోపాటు ఎద్దులను పనిముట్లను ఇచ్చు సాధనదానమును, బావులను త్రవ్వించు కూపదానమును అడుగ నారంభించెను. భూమి మాత్రమే ఇచ్చిన దానము సగము. దున్నుటకు సాధనము చేర్చినపుడే అది పూర్ణము. సైకిలు దానమునకును ఇదియే సూత్రము. సైకిలుతోపాటు దాని నడకను కూడ ఇవ్వవలెను.

ఈ సూత్రమును ఆచరణలో పెట్టినవారు పరదేశములలో ఉన్నారు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున డేవిడ్ ష్వైడెన్‌బాక్ అను నతడు 1991లో పెడల్స్ ఫర్ ప్రోగ్రెస్ అను సంస్థను నెలకొల్పెను. యౌవనమున ఆయన పీస్ కోర్ సేవకుడుగ ఈక్వడారు దేశములో పనిచేసినపుడు, ఆ ఊరిలో సైకిలు గల వడ్రంగి ఒక్కడే దూరపు పనులనుకూడ పట్టి ఇతరులకంటె బాగుపడుట చూచెను. స్వదేశమున ఇంటింట సైకిళ్ళు మూలపడియుండుట ఎరిగినవాడగుటచే, వానిని ప్రోగుచేసి పేదదేశములకు పంపుటకు పూనుకొనెను. ఆ సంస్థ పద్ధతిలో గమనింపదగిన విశేషములు రెండు. సైకిలు తెచ్చి ఇచ్చువారిని దానితోపాటు కొంత ధనము కూడ ఇమ్మని అడుగుట ఒకటి. అవతలి దేశమున దానిని పుచ్చుకొను స్థానిక సంస్థ, బాగుచేసి స్వల్పవెలకు అమ్మి, ఆ ధనముతో మరమ్మతు పనివారిని పోషించుట రెండవది. పాత వస్తువును వదిలించుకొనుటకు ఎదురు డబ్బు ఇచ్చుట యేమని మొదట వింతగ తోచును. ఆలోచించినచో అదియే న్యాయము. తన చేతిలో పాడైన భాగమునకు మూల్యము చెల్లించినవాడే దానిని నిజముగ ఇచ్చినవాడు.

2005లో పుట్టిన వరల్డ్ బైసికిల్ రిలీఫ్ అను సంస్థ, హిందూమహాసముద్రపు సునామీ పిదప శ్రీలంకలో సైకిళ్ళు పంచుటతో పని ప్రారంభించి, తరువాత ఆఫ్రికాకు పోయెను. మట్టిదారులకు తట్టుకొని, బరువు మోయుచు, పల్లెలోనే బాగుచేయ వీలగు సైకిలును వారు ప్రత్యేకముగ రూపొందింపజేసి, పల్లెలలో మరమ్మతు పనివారికి శిక్షణ ఇచ్చిరి. ఇందలి నీతి మనకును వర్తించును. హైదరాబాదులోనో విజయవాడలోనో పిల్లవాడు రెండేండ్లు తొక్కి విడిచిన గేర్ల సైకిలు చూచుటకు జిగేలుమనును. దాని గేరు చెడినచో ముక్త్యాలలోని సైకిలు షాపులో ఆ సామాను దొరకుట కష్టము. నల్లని పాతకాలపు సైకిలు మొరటుదే. కాని దాని పుల్ల, దాని చైను, దాని పెడలు ప్రతి ఊర దొరకును. ఎత్తు సంగతి కూడ చూడవలెను. ఇరువది యెనిమిది అంగుళముల చక్రములు, ఎత్తైన అడ్డకడ్డీ గల సైకిలును పదమూడేండ్ల బాలికకు ఇచ్చినచో, ఆమె లంగా ఓణీతో గాని పంజాబీ దుస్తులతో గాని దాని నెక్కలేదు, దిగలేదు. అట్టిది పాలవానికో పేపరు వేయు కుర్రవానికో చేరవలెను. ఏ సైకిలు ఎవరికన్న ఆలోచన లేక చీట్లు వేసి పంచుట వివాహము చీట్లు వేసి జరుపుట వంటిది.

పంపకపు సభను గూర్చియు ఒక మాట చెప్పక తప్పదు. వేదిక, పూలదండలు, వరుసగ నిలబెట్టిన పిల్లలు, సైకిలు మడ్గార్డుపై పెద్ద అక్షరములతో దాత పేరు — ఇది పరిపాటి అయినది. ఆ సైకిలు నెక్కి బడికి పోవు పిల్ల, తాను పేదరాలనని చాటు పలకను ప్రతిదినము తోటిపిల్లల కన్నుల ఎదుట త్రిప్పుచుండును. ఆ వయస్సున పిల్లలకు ఆకలికంటె అవమానము బరువు. సభలో చప్పట్లు కొట్టించుకొన్న సైకిలును ఇంటిలో దాచి, నడచి బడికి పోవు పిల్ల ఉన్నచో ఆమె తప్పు ఏమియు లేదు. ఇచ్చినవాడు పేరు వ్రాసికొన్న వస్తువు పుచ్చుకొన్నవారిది పూర్తిగ కానేరదు.

మరి ఏమి చేయవలెను? దారి మన ఇంటిలోనే ఉన్నది. ఈ కృష్ణామండలము గ్రంథాలయోద్యమమునకు పుట్టినిల్లు. అయ్యంకి వెంకటరమణయ్యగారు మున్నగువారి కృషిచే 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగెను. పాతూరి నాగభూషణముగారు 1935లో డెల్టా కాలువపై పడవ గ్రంథాలయమును నడిపి, పుస్తకమును చదువరి గుమ్మమునొద్దకే చేర్చిరి. వారు పుస్తకములను పంచిపెట్టలేదు, ఎరువిచ్చిరి. ఒక పుస్తకము వందమంది చేతులు మారినది. తీసికొన్నవాడు బిచ్చగాడు కాలేదు, చదువరి అయ్యెను. తిరిగి ఇచ్చి మరియొకనికి ఉపకారి అయ్యెను. పాత సైకిళ్ళను ఇట్లే ఏల ఎరువీయరాదు? ఊరి గ్రంథాలయమో, పాఠశాలా తల్లిదండ్రుల సంఘమో, పూర్వవిద్యార్థుల సంఘమో, సేవాసమితియో సైకిళ్ళకు యజమాని కావలెను. ఎనిమిదవ తరగతి బాలిక దానిని తీసికొని, పదవ తరగతి పరీక్షలు ముగిసినపిదప తిరిగి తెచ్చి అప్పగించవలెను. కళాశాలకు పోవునది దానినే మరల రెండేండ్లకు వ్రాయించుకొనవచ్చును. అప్పుడు మడ్గార్డుపై దాత పేరునకు చోటుండదు. ఒక అంకె మాత్రముండును. ఆ అంకె పేదరికమును చెప్పదు, వరుసను చెప్పును.

దీనికి పెద్ద యంత్రాంగ మక్కరలేదు. ఒక దస్త్రములో సైకిలు ఫ్రేము నంబరు, ఇచ్చినవారి సంతకము, తీసికొన్నవారి సంతకము ఉండవలెను. దొంగసొత్తు చేరెనన్న అపవాదు రాకుండుటకు ఇది ముఖ్యము. సైకిలు ఇచ్చువారు ఓవరాయిలింగు ఖర్చును గూడ ఇవ్వవలెను. ఇవ్వలేనివారి పక్షమున సంఘము పెట్టుకొనవలెను. ఊరి మరమ్మతు పనివానితో సంవత్సరమునకు ఇంతయని ఒప్పందము చేసికొనవలెను. మోటారు బండ్ల రాకతో సగము పని పోయిన ఆ పనివానికి అది ఒక ఆదరువు. దానములో అతడు ఉచితసేవ చేయవలెనని ఆశించుట ధర్మము కాదు. నలుబది సైకిళ్ళు ప్రోగుచేసి పదియైనను సరిగా నడువనిచో, మిగిలినవాని విడిభాగములు తీసి ఆ పదింటిని నడిపించుటయే మేలు. మొత్తమెన్ని పంచితిమన్నది లెక్క కాదు. సంవత్సరాంతమున ఎన్ని నడచుచున్నవన్నది లెక్క.

సైకిలుతోపాటు విద్య కూడ ఎరువీయవలెను. తమిళనాట పుదుక్కోట జిల్లాలో 1990 దశకపు తొలి సంవత్సరములలో అక్షరాస్యతా ఉద్యమము జరిగినపుడు, జిల్లా కలెక్టరుగా నున్న షీలారాణి చుంకత్ గారు సైకిలు తొక్కుట నేర్పుటను అందులో చేర్పించిరి. వేలకొలది పల్లెటూరి స్త్రీలు సైకిలు నేర్చి, ఒకరి తరువాత నొకరు తోటివారికి నేర్పిరి. అక్షరము వచ్చినవారికి సైకిలు వచ్చినది; సైకిలు వచ్చినవారికి సంత, ఆసుపత్రి, కార్యాలయము దగ్గరైనవి. బడిలో పంక్చరు వేయుట, చైను ఎక్కించుట, బ్రేకు బిగించుట నేర్పినచో అది భౌతికశాస్త్ర పాఠముగను పనికివచ్చును. పండ్ల చక్రముల నిష్పత్తి, రాపిడి, గాలి ఒత్తిడి — ఇవి నల్లబల్లమీద కంటె తలక్రిందులుగ నిలిపిన సైకిలువద్ద తేటపడును.

ఇందుకు ఆక్షేపణలు రాకపోవు. ఉపాధ్యాయులపై ఇప్పటికే ఉన్న పట్టికలు చాలవా, సైకిళ్ళ లెక్క కూడ వారే మోయవలెనా యని అడుగుట సమంజసమే. మోయనక్కరలేదు. ఉపాధ్యాయుడు చేయవలసినది ఏ పిల్ల దూరము వలన బడికి ఆలస్యముగ వచ్చుచున్నదో, ఏ పిల్ల మానబోవుచున్నదో ముందుగ పసిగట్టి చెప్పుట. ఆ సంగతి అతనికి తెలిసినంతగ ఏ సేవాసంస్థకును తెలియదు. తక్కిన పని ఊరివారిది. ఎరువిచ్చిన సైకిలు పోయినచో, విరిగినచో ఎవరు బాధ్యులన్నది రెండవ ప్రశ్న. గ్రంథాలయములోను పుస్తకములు పోయినవి. అందుచేత గ్రంథాలయములు మూతపడలేదు. కొంత నష్టమును ముందే లెక్కలో వ్రాసికొన్నవాడే ధర్మసంస్థను నడుపగలడు.

ప్రభుత్వమే క్రొత్త సైకిళ్ళను ఇచ్చుచుండగా పాతవి ఎందులకన్నది మూడవ ఆక్షేపణ. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2010 దశకపు చివరి సంవత్సరములలో బడికొస్తా అను పేర ఉన్నత పాఠశాల బాలికలకు సైకిళ్ళు పంచినది. అది మంచి పని. కాని ప్రభుత్వ పథకములు వచ్చును, పోవును. ఒక తరగతికి వర్తించి మరియొక తరగతికి వర్తింపవు. ప్రభుత్వము చేయవలసినది ఊరు చేసినదని ప్రభుత్వమును విడిచిపెట్టుటయు తగదు. ప్రభుత్వము చేయునని ఊరు చేతులు ముడుచుకొనుటయు తగదు. పైగా పథకములో వచ్చిన సైకిలే పదవ తరగతి దాటినపిదప పంచ చేరుచున్నది. దానిని మరల దారిమీదికి తెచ్చుటకు ఎరువు పద్ధతియే శరణ్యము.

ఇక మిగిలినది దారి. జగ్గయ్యపేట ప్రాంతము సున్నపురాయి నేల. జయంతిపురమున, 2011 నుండి ముక్త్యాలలోను సిమెంటు కర్మాగారములు పనిచేయుచున్నవి. లారీల బరువు మోయు బాటపై బాలిక సైకిలు తొక్కవలెనన్న, బాట అంచు గట్టిగ నుండవలెను. మలుపులలో ముండ్లపొదలు కొట్టించవలెను. పిల్లలు జట్టుగ పోవు అలవాటు చేయవలెను. వెనుక ఎఱ్ఱని మెరపు బిళ్ళ అంటించవలెను. పంచాయతీలు, కర్మాగారములు ఈ పనిలో పాలుపంచుకొనుట న్యాయము. సైకిలు ఇచ్చి దారి ఇవ్వకుండుట ఈత రానివానికి పడవ ఇచ్చి తెడ్డు దాచుట వంటిది.

దారి విలువ ముక్త్యాలకు తెలిసినంతగ మరియొక ఊరికి తెలియదు. ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాదుగారు నందికొండవద్ద కృష్ణకు ఆనకట్ట కావలెనని పట్టుబట్టి, ఊరూర తిరిగి, ఢిల్లీవరకు పోరాడిరి. 1952లో ఖోస్లా సంఘము స్థలపరీక్షకు వచ్చు తరుణమున, అచ్చటికి బండ్లు పోవు దారియే లేకపోగా, రాజాగారు చుట్టుపట్ల గ్రామస్థులను కూడగట్టి కొలది దినములలోనే దారి వేయించిరని ఈ ప్రాంతమున నేటికిని చెప్పుకొందురు. 1955 డిసెంబరు 10వ తేదీన పండిత నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలబడినది. ఎడమ కాలువ ఈ మెట్టనేలలను తడిపినది. ఎంతటి గొప్ప స్థలమైనను, చేరు దారి లేనిచో అది లేనట్లే. ఈ మాట ఆనకట్టకు ఎంత నిజమో బడికి అంత నిజము. ఊరికి రెండు మైళ్ళ దూరమున ఎంత చక్కని పాఠశాల ఉన్నను, అక్కడికి చేరలేని పిల్లకు అది ఎండిన కాలువయే.

ప్రపంచ సైకిలు దినము జూన్ 3వ తేదీ. ఆంధ్రప్రదేశ్‌లో వేసవి సెలవులు ముగిసి బడులు తెరచునది సాధారణముగ జూన్ 12వ తేదీ. నడుమ ఉన్నవి తొమ్మిది దినములు. పెద్ద తరగతుల విద్యార్థులు తమ వీధిలో పంచలను చూచి వచ్చుటకు, మరమ్మతు పనివానిని కూర్చుండబెట్టి పని చేయించుటకు, ఉపాధ్యాయులు దూరపు పల్లెల పిల్లల పేర్లు తీయుటకు ఆ దినములు చాలును. సైకిలు ఇచ్చు ప్రతివారిని ఒక్క కోరిక కోరవలెను: ఇచ్చుటకు ముందు దానిని తామే ఎక్కి, ఊరి చివరివరకు తొక్కి, తిరిగి రావలెను. తనను మోసిన సైకిలును ఇచ్చినవాడే మరియొకరి బిడ్డను మోయగల సైకిలును ఇచ్చినవాడగును.